బాలశౌరి బావ చెప్పుల శపథం

మా బాలశౌరి బావ కాళ్ల గురించి చెప్పాలంటే ముందు శ్రీమన్నారాయణ గారి రాజకీయం గురించి చెప్పాలి. ఆ రెండూ కలిసే నడిచాయి మరి. నేను బావకు బామ్మర్దిని, ఇమ్మానుయేలును. రెంటచింతలలో ఆటో తోలుతాను. బావ కౌలు పొలంలో మిరప వేస్తాడు. శ్రీమన్నారాయణ గారు ఎవరో మా నియోజకవర్గంలో గోడల్ని అడిగినా చెబుతాయి.

ఆయన మొదటిసారి ఎమ్మెల్యేకి నిలబడి ఓడిపోయిన సాయంత్రం మా సెంటర్లో జీపెక్కి ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు, నేను చూశాను. అది చూసి తట్టుకోలేక మా బావ కాళ్లకున్న చెప్పులు విడిచి జీపు ముందు పెట్టాడు. "మా అయ్య మంత్రి అయిందాకా ఈ బాలశౌరి చెప్పు తొడగడు. మరియమాత మీద ఒట్టు!" అని అరిచాడు. జనం ఈలలు వేశారు. ఎవరో దండ తెచ్చి బావ మెడలో వేశారు. పెళ్లిలో తప్ప ఆ మెడ దండ ఎరగదు. నాకు ఒళ్లు మండింది. నా పక్కనే ఉన్న మా కరుణమ్మక్క వెళ్లి ఆ చెప్పులు తీసుకుని చెంగులో చుట్టుకుంది. అవి క్రిస్మస్‌కి ఆమె కొనిపెట్టినవి.

రెంటచింతల ఎండ సంగతి వేరే చెప్పాలా? వేసవి వచ్చిందంటే మా ఊరి పేరు చదవందే టీవీలో వార్తలు ముగియవు. ఆ ఎండలో బావ ఉత్త కాళ్లతో పొలానికి పోయేవాడు, మీటింగులకు పోయేవాడు. మొదట్లో అరికాళ్ల నిండా బొబ్బలే. అక్క తిట్టుకుంటూ కొబ్బరినూనె రాసేది. ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర అందరం చెప్పులు వెతుక్కుంటుంటే ఆయనొక్కడే మెడ నిలబెట్టుకుని నేరుగా నడిచిపోయేవాడు. "ఇది దేవుడికి మొక్కిన మొక్కు కాదు బాలశౌరీ, వదిలెయ్" అని ఫాదరు గారు కూడా చెప్పి చూశారు. "మాట మాటే ఫాదర్" అన్నాడు.

తర్వాతి ఎన్నికల్లో శ్రీమన్నారాయణ గారు గెలిచారు, పార్టీ ఓడింది. ఆ పై ఎన్నికల్లో ఆయనా గెలిచారు, పార్టీ కూడా గెలిచింది. కానీ మంత్రి పదవి ఇంకెవరికో పోయి ఈయనకు విప్ పదవి వచ్చింది.

"విప్పంటే మంత్రి కిందికి రాదా?" అని అక్క ఆశగా అడిగింది. బావ పార్టీ ఆఫీసుకు పోయి కనుక్కొచ్చాడు. రాదట.

ఆ రోజుల్లోనే బావ కాళ్లు మారాయి. మే నెల మధ్యాహ్నం తారు కరుగుతుంటే దాని మీద తాపీగా నడిచేవాడు. "నాకేం తెలవటంలా. కాళ్లకు అలవాటైపోయింది" అనేవాడు. శపథం మహిమ అంది ఊరంతా. పార్టీ వాళ్లు వీడియో తీసి ఫోన్లలో పెట్టారు. బావ పొంగిపోయాడు.

ఒకరోజు అక్క గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసి కేక పెట్టింది. గుమ్మం నుంచి వంటింటి దాకా ఉన్నాయి. ఆ అడుగుల చివర బావ పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. బొటనవేలి కింద తుమ్మముల్లు విరిగి ఉంది. అది ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకు తెలియదు.

నరసరావుపేట డాక్టరు అరికాలి మీద సూదితో పొడిచి చూశాడు. బావ గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. "స్పర్శ పోయింది. షుగరు. ఎన్నాళ్లుగానో ఉంది" అన్నాడు డాక్టరు. చీము పట్టిన ఆ ఎడమ బొటనవేలు తీసేశారు. ఇంకో పుండు పడితే పాదమే తీయాల్సి వస్తుందని, మెత్తటి చెప్పులు లేకుండా అడుగు వేయొద్దని చెప్పి పంపారు.

అక్క మెత్తటి చెప్పులు కొన్నది. బావ వాటిని మంచం కిందికి నెట్టాడు.

"ఇన్నేళ్లు ఆగి ఇప్పుడేసుకుంటే ఊళ్లో మొహం ఎట్టా చూపించేది?"

"కాలు పోయినాక చూపిస్తావా మొహం?" అంది అక్క. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

అక్క నన్ను ఆటో తీయమంది. ఇద్దరం శ్రీమన్నారాయణ గారి ఇంటికి పోయాం. అప్పటికి ఆయన పార్టీ మారారు. ఒక పోలింగు రోజున మా బావ తలకాయ పగలగొట్టింది ఆ కొత్త పార్టీ వాళ్లే. ఆ పగలగొట్టినవాళ్లే గేటు దగ్గర మాకు కుర్చీలు వేశారు. నాకు కోపం రావాలి, రాలేదు. వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగాను.

"అయ్యా, తమరొక్క మాట చెబితే ఏసుకుంటాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టమని చెప్పండయ్యా" అంది అక్క.

ఆయన చాలా మర్యాదగా విన్నారు. ఆ మర్యాదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "కొన్నాళ్లు ఓర్చుకోమ్మా. ఈసారి మంత్రి పదవి ఖాయం. సభ పెట్టి, అందరి ముందు నా చేత్తో నేనే తొడుగుతా. ఇన్నేళ్ల శపథం, ఊరికే పోగూడదు" అన్నారు. అక్క లేచి వచ్చి ఆటోలో కూర్చుంది.

అన్నట్టే ఆయన మంత్రి అయ్యారు. నడివేసవిలో గురజాలలో సన్మాన సభ. అందరి ఉపన్యాసాలూ అయ్యాక బావను పైకి పిలిచారు. మంత్రి గారు వంగి, నిగనిగలాడే తోలు చెప్పులు బావ కాళ్లకు తొడిగారు. ఫోటోల కోసం ఇంకోసారి వంగారు.

"ఏం బాలశౌరీ, ఎట్టా ఉంది?" అని మైకులో అడిగారు.

"తెలవటంలా అయ్యా" అన్నాడు బావ.

సంతోషంతో అలా అంటున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. మంత్రి గారు ఆయన్ని కౌగిలించుకున్నారు. స్టేజీ కింద అక్క మెత్తటి చెప్పులున్న సంచి పట్టుకుని నిలబడింది.

బావ మెట్లు దిగాడు. పై మెట్టు మీదే ఎడమ చెప్పు జారిపోయింది. బొటనవేలు లేని కాలికి అది నిలుస్తుందా? ఆయన ఆగలేదు. జనాన్ని తోసుకుంటూ రోడ్డెక్కి, నా ఆటో వైపు మెడ నిలబెట్టుకుని నడిచొస్తున్నాడు. వెనక అక్క ఆ చెప్పు చేతబట్టుకుని "ఏమయ్యో, ఆగు, ఆగయ్యా!" అని అరుస్తూ వస్తోంది. డప్పుల మోతలో ఆ అరుపు ఎవరికీ వినపడటం లేదు. కరిగిన తారు ఆయన ఎడమ పాదానికి మడమ దాకా అంటుకుంది.

ఆటో పక్కన నిలబడ్డ మా ఊరి కుర్రాడెవరో అడిగాడు. "బాలశౌరి మావా, ఎట్టా ఉండయ్ కొత్త చెప్పులు?"

"చానా మెత్తగా ఉండయిరా" అన్నాడు మా బావ.