ఏటేటా లావెక్కిన తూటా

బ్లాక్‌టెయిల్‌లో ఎవరికైనా తుపాకీ గురించి సందేహం వస్తే దాణాకొట్టుకి వెళ్ళి వెండెల్ స్ప్రాగ్‌ని అడగడం ఆనవాయితీ. సందేహం లేనివాళ్ళు వెళ్ళినా ఫరవాలేదు, వెండెలే పుట్టిస్తాడు. కోళ్ళ దాణా బస్తా కోసం వచ్చిన పెద్దమనిషిని గల్లా దగ్గర నిలబెట్టి, ఎల్క్ దుప్పిని పడగొట్టాలంటే తూటా ఎంత లావుండాలి, ఎంత దూరం పోతే ఎంత కిందికి జారుతుంది, ఎముకకి తగిలితే ఏమవుతుంది, కండకి తగిలితే ఏమవుతుంది, అన్నీ విప్పి చెప్పి గానీ వదలడు. అవతల కోళ్ళు ఆకలితో కూర్చున్నాయన్న సంగతి ఆయనకి తట్టదు. దుప్పి ఒంటి గురించి అంత తెలిసినవాడు ఆ చుట్టుపక్కల కొండల్లో మరొకడు లేడు. అంత తెలిసిన ఆ దుప్పిని ఇన్నేళ్ళలో ఒక్కదాన్నయినా ఆయన కొట్టలేదన్నది వేరే సంగతి.

వెళ్ళక కాదు. ఏటా అక్టోబరులో బావమరిది క్లెట్ హాచ్ కంచరగాడిదల మీద గుడారాలూ, బీన్సూ, పిండీ, పొయ్యీ ఎక్కించి పై కొండల్లోకి బయల్దేరతాడు. ఏటా వెండెల్ వెంట వెళతాడు. ఏటా కాలుస్తాడు. ఏటా దుప్పి ఆయన్ని ఒకసారి తేరిపార చూసి తన పని మీద తాను పోతుంది. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి గుడారం తాడుకి వేలాడదీయడం ఆ కొండల్లో తాతల నాటి ఆచారం. క్లెట్ గుడారంలో వేలాడే గుడ్డలన్నీ దాదాపు ఒక మనిషి ఒంటివే. కత్తిరించిన చోట వెండెల్ భార్య లవోనా వంటింటి కర్టెన్ల తాలూకు పువ్వుల గుడ్డ వేసి కుట్టేది. ఎలాగూ ప్యాంటులోకి దోపుకునే భాగమే కదా అనేది.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆ దేశంలో లేదు. లేకపోయినా ఆ పని మాత్రం వెండెల్ శ్రద్ధగా చేశాడు. మొదట్లో ఆయన దగ్గర తండ్రి ఇచ్చిన ముప్ఫై-ఆరు రకం తుపాకీ ఉండేది. ఆ తండ్రి దాంతోనే మూడిళ్ళకి చలికాలం మాంసం తెచ్చిపెట్టాడు. కొడుకు చేతికి వచ్చాక అది దుప్పికి చాలదని తేలింది. దాన్ని మార్చి, మందు ఎక్కువ పట్టి గట్టిగా తన్నే ఏడు మిల్లీమీటర్ల మ్యాగ్నమ్ కొన్నాడు. దుప్పి పోయింది. అయితే తూటా వేగం ఎక్కువై లోపల విచ్చుకోవడం లేదన్నాడు. అసలు లోపలికి వెళితే కదా విచ్చుకోవడానికి అని ఎవరూ అనలేదు, మర్యాదస్తుల ఊరు. తర్వాత మూడొందల మ్యాగ్నమ్ వచ్చింది. ఆ తర్వాత మూడొందల ముప్ఫై ఎనిమిది వచ్చింది. అది కాలిస్తే భుజం నేరేడుపండు రంగుకి తిరిగేది. లవోనా రాత్రిపూట వేడినీళ్ళ కాపడం పెడుతూ, "దుప్పికి గనక ఈ దెబ్బ తగిలుంటే పాపం ఎంత బాధపడేదో" అనేది.

లవోనాకి పెళ్ళికి ముందే తండ్రి కొనిచ్చిన చిన్న తుపాకీ ఒకటుంది, రెండొందల యాభై ఏడు. వెండెల్ దాన్ని అల్లిక సూది అంటాడు. ఆవిడ ఏటా ఆ సూదితోనే పెరటి వెనక ఆపిల్ చెట్ల కింద నిలబడి ఒక జింకని కొట్టి, వెండెల్ కొండల నుంచి వట్టి చేతులతో దిగేసరికి ఆ మాంసం ఉడికించి సీసాల్లో నిలవ పెట్టేసేది. అది తింటూనే ఆయన చిన్న కాలిబర్ల వల్ల, అంటే సన్నని తూటాల వల్ల, ఎంత నష్టమో వివరించేవాడు.

ఆ ఏడు వేసవిలో క్లెట్ ఇంటికి వచ్చి, కుర్చీలో కూలబడి మోకాళ్ళు రుద్దుకుంటూ చెప్పాడు.

"బావా, నా పని అయిపోయింది. గాడిదల్ని మోంటానా ఆయన ఎవరో తీసుకుంటానంటున్నాడు. ఈ ఒక్క అక్టోబరే."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది. నువ్వు కొట్టులో, నేను ఈ కుర్చీలో."

వెండెల్ లెక్క వేసుకున్నాడు. ఈసారి కొట్టకపోతే ఇక జన్మలో దుప్పి లేదు. ఊరందరికీ దుప్పిని కొట్టడం నేర్పి, తాను మాత్రం కొట్టకుండానే పోయిన మనిషిగా మిగిలిపోతాడు. ఆయనకి నిజంగా భయం వేసింది. భయం వేసిన ప్రతిసారీ చేసే పనే చేశాడు. మూడొందల డెబ్బై ఐదు తెప్పించాడు. అది ఆఫ్రికాలో ఏనుగుల కోసం చేసిన తుపాకీ. దాణాతో పాటు తుపాకులూ అమ్మే ఆ కొట్టు యజమాని హాల్వర్సన్ ఎంతో సంతోషించాడు.

కొండెక్కే రోజు క్లెట్ బరువులు కడుతున్నాడు. గాడిదకి అటూ ఇటూ పెట్టెలు సమంగా తూగాలి, లేకపోతే జీను పక్కకి తిరిగి సామానంతా లోయ పాలవుతుంది. వెండెల్ తూటాల సంచి డీకన్ అనే ముసలి గాడిద పక్కకి ఎక్కించగానే అది ఆ వైపుకి ఒరిగింది.

"ఇందులో ఏముంది బావా, ఇనప కొలిమా?"

"తూటాలు."

"ఇన్నెందుకు? దుప్పులన్నీ కలిసి దండెత్తి వస్తున్నాయా?"

"నువ్వు కట్టరా, నీకు తెలీదు."

క్లెట్ రెండో వైపు బంగాళాదుంపల బస్తా ఎత్తి బరువు సరిచేశాడు. ఊళ్ళో క్షవరం చేసే మిల్ట్ కూడా ఆ ఏడు వెంట వచ్చాడు. మిల్ట్ చూసిందంటే ఊరంతా చూసినట్టే. గంట కట్టిన ముసలి గుర్రం ముందు నడిచింది, దాని వెనకాల గాడిదలు బుద్ధిగా బయల్దేరాయి. లవోనా వాకిట్లో నిలబడి భర్త పరుపుచుట్టని ఒకసారి తట్టి, "పరుపు విప్పేటప్పుడు జాగ్రత్త" అంది. వెండెల్ వినిపించుకోలేదు. ఆయన అప్పటికే మిల్ట్‌కి ఏనుగు పుర్రె మందం గురించి చెబుతున్నాడు.

గుడారాలు వేశాక మర్నాడు మధ్యాహ్నం తుపాకులు సరిచూసుకోవడం పెట్టుకున్నారు. ఎండిన దుంగ మీద పైన్ కాయ పెట్టారు. వెండెల్ పెద్ద తుపాకీతో రెండుసార్లు కాల్చాడు. దుంగకి ముందున్న నేల తీవ్రంగా గాయపడింది. తుపాకీ మీద బిగించిన దుర్భిణి అద్దం గుర్రం మీద కుదుపులకి కదిలినట్టుందన్నాడు. క్లెట్ తుపాకీ అందుకుని, మట్టి పడింది తుడుస్తానని అటు తిరిగి, మళ్ళీ చేతికిచ్చాడు.

"నిండుగానే ఉంది, కొట్టు బావా."

వెండెల్ ఆనించి, గురి చూసి, మీట నొక్కాడు. టిక్కుమని చిన్న చప్పుడు. లోపల తూటా లేదు, క్లెట్ తీసేశాడు. పేలని ఆ తుపాకీ గొట్టం మాత్రం జానెడు కిందికి దిగింది. వెండెల్ భుజాలు చెవుల దాకా లేచాయి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోయాయి. అలాగే కాసేపు ఉండిపోయాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మిల్ట్ నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

"ఈగ. కంట్లో ఈగ పడింది" అన్నాడు వెండెల్.

"అక్టోబరులో ఈగలు ఎక్కువే" అన్నాడు మిల్ట్ మర్యాదగా.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడ్డం లేదనుకుంటుందట. వెండెల్‌కి తాను కళ్ళు మూస్తానని తెలియక కాదు. మొదటి మ్యాగ్నమ్ భుజాన్ని తన్నిన నాటి నుంచీ తెలుసు. ఆ తన్నుకి భయపడి కన్ను మూయడం, కన్ను మూసినందుకు గురి తప్పడం, గురి తప్పినందుకు ఇంకా గట్టిగా తన్నే తుపాకీ కొనడం, ఇదీ ఆయన ఇన్నేళ్ళ శాస్త్రం. గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం అన్నట్టు, కళ్ళు మూసుకున్నాక ఏ కాలిబరైతే ఏమిటి? ఆయనకి సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. బీన్సు కూడా తినకుండా గుడారంలోకి పోయి పరుపుచుట్ట లాగి విప్పాడు.

లోపల లవోనా ఫ్లానెల్ నైటీ చుట్టి ఏదో పొడుగాటిది ఉంది. విప్పితే అల్లిక సూది. నైటీ చేతిలో మేజోడు, మేజోట్లో గుప్పెడు తూటాలు.

మొదట కోపం వచ్చింది. అయితే ఈవిడకీ తెలుసన్న మాట. భుజానికి కాపడం పెట్టిన ప్రతి రాత్రీ తెలుసన్న మాట. తర్వాత ఆ కోపం నిలబడలేదు. తెలిసీ ఒక్కనాడూ మొహం మీద అనలేదు, అంచుకి పువ్వుల గుడ్డ వేసి కుట్టింది. ఆయన నైటీని జాగ్రత్తగా మడిచి తల కింద పెట్టుకున్నాడు.

పొద్దున్నే చిన్న తుపాకీ భుజాన వేసుకుని బయటికి వచ్చి, "పెద్దదాని అద్దానికి ఆవిరి పట్టింది" అన్నాడు. మద్దెల మళ్ళీ ఓడే. క్లెట్ తుపాకీ వైపు చూశాడు, అక్క తుపాకీని గుర్తుపట్టాడు, కాఫీ అవతల పారబోసి, "పద బావా" అని మాత్రం అన్నాడు.

పచ్చిక చివర పైన్ చెట్ల నీడలోంచి మగ దుప్పి ఒకటి బయటికి వచ్చింది. కొమ్ముల మీద మంచు కరిగి మెరుస్తోంది. వెండెల్ పడిపోయిన చెట్టు మీద తుపాకీ ఆనించి చెంప పెట్టాడు. ఆ తుపాకీ కర్రకి లవోనా చేతికి రాసుకునే క్రీము వాసన ఉంది. ఆ తుపాకీ ఎప్పుడూ ఎవరినీ తన్నలేదు. ఆయన కన్ను మూయాలని చూసింది, కారణం దొరక్క తెరుచుకునే ఉండిపోయింది. మీట నొక్కాడు.

అన్నేళ్ళలో మొదటిసారి, తాను కాల్చాక ఏం జరుగుతుందో వెండెల్ చూశాడు. దుప్పి భుజం వెనక వెంట్రుకలు లేచాయి. దుప్పి వీపు ముడుచుకుని నాలుగడుగులు వేసి, అలసిపోయినట్టు మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకి ఒరిగింది. ఊళ్ళో అందరికీ నోటితో చెప్పిన దృశ్యం ఇదే, ఇన్నాళ్ళూ తానే చూడలేదు. ఆయనకి ఏడుపొచ్చింది. క్లెట్ అటు తిరిగి మోకాలు రుద్దుకున్నాడు, అంతసేపు రుద్దవలసినంత నొప్పేమీ లేకపోయినా.

మాంసం నాలుగు ముక్కలు చేసి సంచుల్లో కట్టి డీకన్ మీద వేయబోతే అది రక్తం వాసనకి బెదిరి వెనక్కి తన్నింది. క్లెట్ తన కోటు విప్పి దాని కళ్ళకి అడ్డంగా కట్టాడు. అది వెంటనే నెమ్మదించింది.

"చూశావా బావా, కళ్ళు మూస్తే చాలు, ఎంత ధైర్యమొచ్చిందో."

"ఇక నువ్వు ఆపరా."

"నేను గాడిద గురించి అంటున్నా."

మిల్ట్ ఫ్లాష్ కెమెరాతో ఫోటో తీశాడు. వెండెల్ దుప్పి కొమ్ములు పట్టుకుని, చిన్న తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, మేకపోతు గాంభీర్యంతో కూర్చున్నాడు. ఆ ఏడు ఎవరి చొక్కాకీ కత్తెర పడలేదు.

ఇంటికి రాగానే లవోనా దుప్పి గురించి అడగలేదు. ఆయన బూట్లు విప్పుతుంటే ఎదురుగా కూర్చుని, "కళ్ళు తెరిచే ఉంచావా?" అంది.

"ఉంచాను. నీకెప్పటి నుంచి తెలుసు?"

ఆవిడ గోడ మీద పెళ్ళి ఫోటో చూపించింది. ఫ్లాష్ వెలిగినప్పుడు తీసిన ఫోటో అది. పెళ్ళికూతురు నవ్వుతోంది. పెళ్ళికొడుకు భుజాలు చెవుల దాకా ఎత్తి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

"అప్పుడే చెప్పొచ్చు కదే."

"చెబితే తుపాకీ మార్చేవాడివి."

తర్వాతి వారం మిల్ట్ ఫోటో కడిగించి కొట్టుకి తెచ్చాడు. ఇవ్వాలా వద్దా అని కాసేపు చేతిలోనే తిప్పాడు. దుప్పి బాగా వచ్చింది. కొమ్ములు బాగా వచ్చాయి. అల్లిక సూది ప్రతి మరా కనిపిస్తోంది. వెండెల్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"ఇది చింపేద్దాం వెండెల్. ఫిల్ము పాడైందని నేను చెప్తాలే. చిన్న తుపాకీ సంగతి కూడా నేనెవరితోనూ అనలేదు" అన్నాడు మిల్ట్. మిల్ట్ అంత త్యాగం జీవితంలో ఎన్నడూ చేసి ఉండడు.

వెండెల్ ఫోటో కేసి చాలాసేపు చూశాడు. చింపేస్తే ఏనుగు తుపాకీతో కొట్టానని చెప్పుకోవచ్చు, ఊరు ఎప్పటిలాగే మర్యాదగా నమ్మినట్టు నటిస్తుంది. ఆయన సొరుగులోంచి మేకు తీసి, గల్లా వెనక, అందరికీ కనబడే చోట ఫోటో కొట్టాడు.

ఆ మధ్యాహ్నమే కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఒకాయన దుప్పి వేటకి తుపాకీ కావాలని వచ్చాడు. హాల్వర్సన్ చెవులు రిక్కించి, అరలో అన్నిటికంటే పైనున్న ఇంకో మూడొందల డెబ్బై ఐదుని కిందికి దించాడు. వెండెల్ దాన్ని పక్కకి జరిపాడు.

"ముందొక మాట చెప్పండి. కాల్చేటప్పుడు కళ్ళు మూస్తారా?"

ఆ కొత్తాయన నవ్వాడు. "ఎవరు మూస్తారండీ కళ్ళు?"

వెండెల్ వెనక్కి తిరక్కుండానే బొటనవేలు ఎత్తి ఫోటో చూపించాడు.

"నేను" అన్నాడు. "కూర్చోండి, చెప్తాను."

కోళ్ళ దాణా కోసం వచ్చి ఆయన వెనక వరసలో నిలబడ్డ పెద్దమనిషి నిట్టూర్చి, బస్తా కింద పెట్టి, తనూ దాని మీద కూర్చున్నాడు.