జీను మీద ముద్ర లేదన్నారు

మొన్న శుక్రవారం పొద్దున్నే హైదరాబాద్ పాతబస్తీలోని బార్కస్ నుంచి ఫోన్ వచ్చింది. నాకు గుర్రం మీద కూర్చోవడం నేర్పిన ఉస్తాద్ పోయారు. పరామర్శకు వెళ్తే ఒకాయన, "పాపం, జిందగీ అంతా గుర్రాలెంబడే పాయె" అన్నాడు. ఆ 'పాపం' అన్న మాట నేను ఒప్పుకోను. ఎందుకో మీకు చెప్పాలి.

నేను శాలిబండలో ఉండే బస్సు కండక్టర్ కూతుర్ని. పెళ్లి బరాత్‌కి తప్ప మా గల్లీలోకి గుర్రం రాదు. నేను నేర్చుకున్నది డ్రెస్సాజ్. అందులో పరుగు పందెం ఉండదు. రౌతు కదిలినట్టు కనిపించకుండానే గుర్రం చేత పద్ధతిగా అడుగులు వేయించాలి. "ఆడపిల్లకు గిదేం షోకు?" అన్నవాళ్లకు ఉస్తాద్ జవాబు ఒకటే: "గుర్రం ఏమన్లే. మీకేంది ఫికర్?"

ఒకప్పుడు గుర్రం పడేస్తే ఆయన నడుము వంగిపోయింది. ఆ మనిషే నా వెన్ను నిలబెట్టారు. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాలనేవారు. పాదాలు ఆనించుకునే రికాబులు తీసేసి నెలల తరబడి తిప్పించారు. తొడలు మండి నేను ఏడిస్తే, "ఏడ్వు బేటీ, గని వంగకు" అనేవారు.

నా జీను కూడా ఆయనే కుట్టారు. పాతదాన్ని విప్పి, కూర్చునే చోటు లోతు చేసి, నా కాలు నిటారుగా దిగేలా పక్కతోలు పొడుగ్గా కోశారు.

పోటీ రోజు సామాను తనిఖీ చేసే అధికారి దాన్ని వేలితో తట్టి, "కంపెనీ ముద్ర లేదు. ఇలాంటివి ఇక్కడ నడవవు" అన్నాడు. నేను గుర్రం దిగిపోబోయాను.

ఉస్తాద్ కళ్లెం వదల్లేదు. "ముద్రుండాలని ఏ రూల్ల ఉన్నది సార్? సూపెట్టున్రి. గుర్రం వీపు మీద ఒక్క పుండున్నా నేనే వాపస్ తీస్కపోత."

అధికారి పుస్తకం తిరగేశాడు. దొరకలేదు. జీను కింద చెయ్యి దూర్చి గుర్రం వీపు తడిమి చూశాడు. నన్ను పోనివ్వక తప్పలేదు.

నాకు మూడో స్థానం వచ్చింది. తిరిగి వస్తుంటే కాపలాదారు అడ్డం వచ్చి, మమ్మల్ని మాత్రం వెనక గేటు నుంచి పొమ్మన్నాడు.

"ముంగటికెల్లే వచ్చినం, ముంగటికెల్లే పోతం," అన్నారు ఉస్తాద్. నావైపు తిరిగి, "దిగకు బేటీ. సీదా కూసో" అన్నారు.

ఎదురుగా కార్లు హారన్లు మోగిస్తున్నాయి. ఆయన పక్కకు జరగలేదు. కళ్లెం పట్టుకుని, పెద్ద గేటు నట్టనడుమ నుంచి, నిమ్మళంగా నడిచారు.