చిలుకమ్మ బొటనవేలు

దిల్షాద్ మేడమ్ దగ్గర అడవుల మీద పరిశోధనకు చేరే పిల్లలకు ఒక వింత షరతు ఉండేది. కుడి బొటనవేలి గోరు కత్తిరించకూడదు! ఖిలా వరంగల్ అమ్మాయైనా, ఏటూరునాగారం కోయ అబ్బాయైనా సరే, మొదటి పాఠం పరకాల అవతలి అడవిలో, గుంపెన చెట్ల కింద, చిలుకమ్మ దగ్గరే. ఆమె బతికినన్నాళ్లూ ఏటా మే నెలలో అదే బడి. సంతకం కూడా రాని మనిషి పంతులమ్మ ఎట్లా అయిందంటారా? వినండి.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆ అడవిలో చెట్లు లెక్కపెట్టడానికి వరంగల్ నుంచి కాలేజీ పిల్లలు దిగారు. దారి చూపడానికి కూలికి కుదిరింది చిలుకమ్మ. ఆ అడవిలో బీడీలకు తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి నలుగురు బిడ్డల్ని సాకిన మనిషి. నోరు మాత్రం ఊరంత పెద్దది.

పిల్లలు చదువుకున్నవాళ్లే గానీ ఎండాకాలం అడవిని ఎరగరు. ఆకుంటే బతికినట్టు, లేకుంటే చచ్చినట్టు! కనబడ్డ గుంపెనకల్లా ఎర్రచుక్క పెట్టుకుంటూ పోయారు. మూడు రోజుల్లో కాగితం మీద సగం అడవి చచ్చిపోయింది.

"ఈ ఎర్రసుక్కలేంది బిడ్డా?" అని చిలుకమ్మ ఆ గుంపులోని ఒకే ఒక్క ఆడపిల్లను అడిగింది. ఆ పిల్లే దిల్షాద్.

"సచ్చిన చెట్లవ్వా. ఎక్కువుంటే అడివంత కొట్టేసి జామాయిల్ పెడ్తరట."

చిలుకమ్మకు ఒళ్లు మండింది. గుంపెన కొమ్మ వంచి గోటితో గీకింది. బూడిదరంగు తొక్క కింద పచ్చగా, తడిగా ఉంది.

"సచ్చినదానికి గీ పచ్చ యాడికెల్లి వచ్చె? వానలు పడేదాక గుంపెన గిట్లనే బోడిగ నిలవడ్తది."

"తోబా! తప్పు రాసినమవ్వా" అంది దిల్షాద్, చెంపలు వేసుకుంటూ. ఆమె ఒక్కతే పెట్టిన చుక్కలు నూట పది. మరో రెండు రోజులు ఇద్దరూ చెట్టుచెట్టుకూ తిరిగి గీకి చూశారు. చుక్కలు పెట్టినవాటన్నిటిలో నిజంగా చచ్చినవి పదకొండే.

మర్నాడు ఈ లెక్క పెట్టిస్తున్న అటవీశాఖ ఆఫీసరు పాండురంగం జీపు దిగాడు. దిల్షాద్ రాసిన కొత్త లిస్టు చూసి నవ్వాడు. "కూలిదాని మాట మీద రిపోర్టు మారుస్తరా? పాతదే ఖాయం. ఊరోళ్ల సాక్షి కావాలె. ఎయ్యి చిలుకమ్మా, ఏలిముద్ర" అని సిరాడబ్బా చాపాడు.

వెయ్యకపోతే ఈ కూలీ పోతుంది, రేపు తునికాకు కొనే కల్లంలోకీ రానివ్వరు. అది ఆమెకు తెలియదా? బాగా తెలుసు.

"నేనెయ్య."

"సదువురానిదానివి, నాకే చెప్తవా?"

"సదువు లేదు, కండ్లున్నయి. ఏది బతికిందో ఏది సచ్చిందో బతుకంత ఈ ఏలితోనే సూసిన. గదే ఏలితోని అబద్ధానికి ముద్రెయ్యమంటవా? నువ్వే గీకి సూడు సారూ. సచ్చిందైతే రెండు సేతుల ఏళ్లన్నిటితోని ముద్రలేస్త."

దిల్షాద్ కొమ్మ వంచి పట్టుకుంది. అందాక తలలు దించుకు కూచున్న మగపిల్లలు కూడా లేచి చుట్టూ నిలబడ్డారు. అందరి ముందూ కాదనలేక పాండురంగం గీకాడు. గోరంతా పచ్చరసం అంటింది.

చిలుకమ్మ రెండు లిస్టులూ నేలమీద పరిచి, సిరాడబ్బా అతని ముందుకు తోసింది.

"ఇగ నువ్వెయ్యి సారూ, నీ ఏలిముద్ర. దేని మీద ఏస్తవో అందరం సూత్తం."