టీవీ అద్దంలో గుద్దులత్త

పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించకముందే ఆమె ఒక మెత్తటి గుడ్డ తీసుకుని టీవీ తుడిచేది. వెనక పెద్ద డొప్ప, ముందు ఉబ్బెత్తు గాజు ఉన్న పాతకాలపు టీవీ అది. దుమ్మంటే దానికి మహా ప్రేమ, ఎక్కడ ఉన్నా లాక్కుని ఒంటికి రాసుకునేది. గుడ్డ ఆనిస్తే చిటపటమని చేతిమీద వెంట్రుకలు లేచేవి. మూలమూలలా తుడిచాక, ఆ నల్లటి గాజులో ఆమె తన మొహం చూసుకునేది. ఇంట్లో వేరే అద్దం లేదు. ఉన్న ఒక్కదాన్నీ కొడుకు ఆమె వీపు మీదే పగలగొట్టాడు.

కన్ను ఎంత వాచింది, పెదవి చిట్లిందా, పౌడరుతో సరిపోతుందా, మెడకి గుడ్డ చుట్టుకోవాలా? ఆ రోజుకి ఏ అబద్ధం కావాలో టీవీ చెప్పేది. తర్వాత చేతులు జోడించి, "దేవుడా, ఇవాళ వాడికి కోపం రానివ్వకు" అని ఒక్క మాట అనుకుని పనిలో పడేది. నన్ను దెబ్బల నుంచి కాపాడు అని మాత్రం ఎన్నడూ అడగలేదు. కన్నకొడుకు మీద దేవుడికి ఫిర్యాదు చేసినట్టవుతుందని ఆమె భయం.

ఆమె పనిచేసేది ఒక పెద్ద లాండ్రీలో. హోటళ్ళ దుప్పట్లు, దిండుగలీబులు ఇస్త్రీ చెయ్యాలి. అక్కడి మేస్త్రి నోరు తెరిస్తే తిట్టే. కానీ ఆమె మొహం వాచిన రోజున ఏమీ అడగకుండా బరువైన దుప్పట్లు తన బల్ల మీదకి లాక్కుని, గలీబులు ఆమె ముందుకి తోసేవాడు. "ఆవిరి నీ కళ్ళకి పడదు, అటు జరుగు" అని మళ్ళీ ఓ తిట్టు తిట్టేవాడు. మంచితనం ఒక్కోసారి అలాంటి వేషంలోనే వస్తుంది.

ఆమె భర్త కూడా కొట్టినవాడే. కొడుకు చిన్నప్పుడు ఎప్పుడో మనసు బాగున్న రోజున టీవీకి తగిలించే గేము డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. తీగతో రెండు కర్రమీటలు, అందులో ఒక గుద్దులాట. వీధిలో నడుస్తూ పోతుంటే ఎదురొచ్చిన రౌడీలనల్లా కొట్టి పడెయ్యాలి, చివర ఒక రాక్షసుడిలాంటి వాడొస్తాడు. తండ్రి ఇంటికి ఎర్రటి కళ్ళతో వస్తే పిల్లాడు టీవీ వెనక డొప్పకీ గోడకీ మధ్య దూరి కూర్చునేవాడు. తల్లి అరుపులు ఆగాక బయటికొచ్చి, ఆమె చేతికి ఒక మీట ఇచ్చి, తనొకటి పట్టుకునేవాడు.

"చూడమ్మా, చివరొచ్చే పెద్దాడు చెయ్యెత్తినప్పుడు కిందికి నొక్కాలి. వంగితే వాడి దెబ్బ గోడకి తగుల్తుంది. నాన్న చెయ్యెత్తినప్పుడు నువ్వు కూడా ఇలా వంగొచ్చుగా!"

"వంగితే ఇంకా కోపమొస్తుంది నాన్నా."

భర్త ఒకరోజు రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ ఇంట్లో చెయ్యెత్తేవాడు లేక కొన్నేళ్ళు ప్రశాంతంగా గడిచింది. పిల్లాడు పెరిగాడు, సరుకుల గోదాము దగ్గర క్రేను నడిపే పనిలో చేరాడు. గాజుసామాన్ల పెట్టెని పసిబిడ్డని పడుకోబెట్టినంత సుకుమారంగా దించుతాడని అక్కడ పేరు. ఆ చేతులే ఇంటికొచ్చాక ఆమె మెడ పట్టుకునేవి. మొదటిసారి కొట్టినప్పుడు అతను కూడా బిత్తరపోయి ఏడ్చాడు. తర్వాత అలవాటైపోయింది. మొహంలో, నడకలో, బెల్టు విప్పే తీరులో తండ్రి దిగిపోయాడు.

పక్కింటి నర్సమ్మకి అంతా వినిపించేది. మధ్యలో ఉన్నది ఒక్క గోడే. పొద్దున్నే గిన్నెలో ఐసుముక్కలతో వచ్చేది.

"మళ్ళీ జారిపడ్డావా వదినా?"

"ఆఁ, బాత్రూంలో నాచు."

"మీ బాత్రూం నాచుకి అయిదు వేళ్ళున్నాయే! మెడ మీద అచ్చు దిగాయి." ఐసు అద్దుతూ గొంతు తగ్గించేది. "ఒక్కసారి గోడ మీద కొట్టు. ఒక్క దెబ్బ. క్షణంలో వచ్చి నిలబడతా."

"ఇంటిగుట్టు లంకకు చేటు వదినా" అనేది ఈమె. గోడ మీద ఎన్నడూ కొట్టలేదు.

ఇలా ఉండగా టీవీ పాడైంది. వీధి చివర పాత టీవీలు బాగుచేసే మెకానిక్కు ఒకతను ఉన్నాడు. అతను వచ్చి, బాగుచేసి, బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూద్దామని గేము పెట్టాడు. ఆమె టీ గ్లాసు కిందపెట్టి, "ఇలా తే తమ్ముడూ" అని మీట అందుకుంది. రాక్షసుడి దాకా వెళ్ళింది, వాణ్ణి కూలగొట్టింది, టీ ఇంకా చల్లారలేదు.

అతనికి ఒక ఛానెల్ ఉంది. పాత గేములు ఆడుతూ ఫోన్లో లైవుగా చూపిస్తాడు. చూసేవాళ్ళంతా చిన్నప్పుడు ఆడి వదిలేసినవాళ్ళు. "కొత్త టీవీలో మీట నొక్కాక కాస్త ఆగి దెబ్బ పడుతుందక్కా. ఈ డొప్ప టీవీలో నొక్కుతుండగానే పడుతుంది. ఆ రుచి తెలిసినవాళ్ళు నిన్ను చూస్తే నెత్తిన పెట్టుకుంటారు" అన్నాడు. ఫోన్లో బొమ్మ మీద నల్లచారలు పాకకుండా ఆమె ఫోను సర్ది, టీవీకి ఎదురుగా స్టాండుకి బిగించాడు. "ఒక్కటి గుర్తుంచుకో. ఆడేటప్పుడు లైటు ఆర్పెయ్యి. వెలుగుతుంటే గాజులో ఇల్లంతా కనిపిస్తుంది."

అలా ఆమె ఆ ఛానెల్లో గుద్దులత్త అయింది. సాయంత్రం లాండ్రీ నుంచి వచ్చి, కొడుకు డ్యూటీ దిగేలోపు ఆడేది. ఆమె మొహం ఎవరికీ కనిపించదు, మాట ఒక్కటే వినిపిస్తుంది. అమ్మో, ఆ మాట!

"రారా మొద్దుమొహమా! మీ అమ్మ అన్నం పెట్టలేదా? నేను పెడతా, ఇదిగో మొదటి ముద్ద! ఇదిగో పెరుగన్నం! అరగలేదా? పడుకో మరి!"

తెర మీద పళ్ళు రాలేవి, ఎముకలు విరిగేవి, ఎర్రటి చుక్కలు చిమ్మేవి. ఎక్కడెక్కడివాళ్ళో 'అత్తా, ఇంకోటి ఇయ్యి' అని రాసేవాళ్ళు. మెకానిక్కు తన షాపులో కూర్చుని వాళ్ళకి జవాబులు రాసేవాడు. ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి ఆ కాసేపూ ఎలా అలా మారేదో ఆ దేవుడికే తెలియాలి.

కొడుకుకి ఈ సంగతి గోదాములో తెలిసింది. హమాలీలు ఫోను చుట్టూ చేరి నవ్వుతున్నారు. ఒకడు గొంతు గుర్తుపట్టాడు. "ఒరే, ఇది మీ అమ్మే కదరా! ఇంట్లో నిన్ను కూడా ఇలాగే ఉతుకుతుందా? అందుకేనా నువ్వింత నెమ్మదిగా ఉంటావు?"

పగలబడి నవ్వారు. అతను క్రేను మధ్యలో ఆపేసి దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె రాక్షసుడి దగ్గరే ఉంది. తలుపు దబ్బున గోడకి తగిలింది. అతను వస్తూనే లైటు వేశాడు, టీవీ తీగ పట్టి గుంజాడు. తెర మీద రాక్షసుడు చుక్కలా కుంచించుకుని మాయమయ్యాడు.

"అయిపోయింది నీ భాగోతం. ఎవడూ చూడట్లేదిప్పుడు. ఆడు! నాతో ఆడు!"

టీవీ ఆగితే లైవు కూడా ఆగిందనుకున్నాడు. ఫోను మాత్రం తన బ్యాటరీతో తను నడుస్తూనే ఉంది. దాని ముందు నల్లటి గాజు, ఆ గాజులో అతను వేసిన లైటు వెలుగులో గది మొత్తం. ఆమెకి అది తెలుసు. రోజూ పొద్దున్నే అందులోనే కదా మొహం చూసుకునేది.

మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోదానికి పన్ను కదిలింది. జుట్టు పట్టి నేలకేసి కొట్టాడు. డొక్కలో తన్నాడు. నోట్లో రక్తం ఉప్పగా ఊరుతుంటే ఆమె పాకింది. తలుపువైపు కాదు, ఫోనువైపు. బిడ్డ ఇలా కొడుతుంటే అంతమంది చూస్తున్నారు, వాడి పరువు పోతోంది, ముందు దాన్ని బోర్లించాలి. ఆ క్షణంలో ఆమె తలలో ఉన్నది అదొక్కటే. చెయ్యి చాచింది. స్టాండు కాలు వేళ్ళకి తగిలింది.

ఎందుకు బోర్లించలేదని తర్వాత నర్సమ్మ అడిగితే, "చెయ్యి అందలేదు వదినా" అంది. అందింది. అందిన చేతిని ఆమె వెనక్కి తీసుకుంది.

"ఏంటే, దాని కోసం పాకుతున్నావ్? అదేనా నీకు ముఖ్యం?" టీవీ కోసం అనుకున్నాడు అతను. మూలనున్న పాత ఇనప ఇస్త్రీపెట్టె రెండు చేతులా తలపైకి ఎత్తాడు. ఆమె మోకాళ్ళ మీద లేచి ఉంది, వీపు టీవీకి ఆనుకుని. ఎత్తిన ఆ చేతులకింద మొహం తండ్రిదీ కాదు, కొడుకుదీ కాదు, రోజూ తెరమీద చూసేవాడిది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ఒళ్ళు దానంతటదే కిందికి వంగింది.

పెట్టె ఆమె తల మీదుగా వెళ్ళి గాజులో దిగింది. బాంబు పేలినట్టు టీవీ లోపలికి కూలి బయటికి చిమ్మింది. ముక్కలు ఆమె వీపులో గుచ్చుకున్నాయి. అతని ముంజేయి మోచేతిదాకా చీలిపోయింది. రక్తం గోడ మీద కొట్టింది. అతను తన చేతిని తనే చూసుకుని చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు.

లైవులో ఇదంతా చూసిన మెకానిక్కు షాపు తెరిచే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు, వెనక వీధివాళ్ళు. అడ్డుకోబోయిన మెకానిక్కు ముక్కు అతని రెండో చేతి పిడికిలికి పగిలింది. పేలుడు విని నిప్పంటుకుందనుకుని నీళ్ళ బకెట్టుతో వచ్చిన నర్సమ్మ ఆ బకెట్టుతోనే అతని మోకాళ్ళ వెనక ఒక్కటిచ్చి కూలేసింది. ఆ వెంటనే అక్కడే కూర్చుని, అతని చేతికి గట్టిగా కట్టు కట్టి రక్తం ఆపింది. కొట్టిన చేతితోనే ప్రాణం నిలబెట్టింది, ఆ మహాతల్లి నర్సమ్మ.

ఆసుపత్రిలో అతనికి కుట్లు వేశారు, ఆమె వీపులో గాజుముక్కలు ఏరారు. పోలీసు ఒకావిడ వచ్చింది. వీడియో ఆ పోలీసావిడ దగ్గరే ఉంది, కానీ దాన్ని బయటికి తియ్యలేదు. మంచినీళ్ళు తాగించి, "ఎలా తగిలిందమ్మా?" అని మాత్రం అడిగింది.

"బాత్రూంలో..." అలవాటైన మాట నోటి చివరికి వచ్చేసింది.

ఎదురు బల్ల మీద నుంచి అతను ఏడుస్తున్నాడు. "జారిపడ్డానని చెప్పమ్మా. టీవీ దానంతటదే పేలిందని చెప్పమ్మా. ఇంకెప్పుడూ చెయ్యనమ్మా."

ఆమె అతని కట్టువైపు చూసింది. కట్టు వదులుగా ఉందేమో సరిచెయ్యాలని చేతులు లాగుతున్నాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని బిగించుకుంది.

"ఈసారి జారలేదు నాన్నా. వంగాను. నువ్వు నేర్పిందే." పోలీసావిడ వైపు తిరిగింది. "కొట్టింది వీడే తల్లీ. ఎప్పుడూ వీడే. అంతకుముందు వీడి నాన్న. రాసుకో."

అతన్ని తీసుకెళ్ళారు. ఆమె ఇంటికి వచ్చేసరికి మెకానిక్కు ముక్కుకి పట్టీతోనే గదంతా ఊడ్చి, గోడ కడిగి, కాళ్ళకి ముక్కలు గుచ్చుకుంటాయేమోనని తడిగుడ్డతో నేలంతా అద్దిపెట్టాడు. ఇంకో డొప్ప టీవీ తెచ్చి పాతదాని చోట నిలబెట్టాడు. తన షాపుకి వెళ్ళిపోయాడు. మేస్త్రి పనివాళ్ళతో కబురు పెట్టాడు: 'ఒళ్ళు మానేదాకా కనపడ్డావంటే తంతాను.' కబురు మోసుకొచ్చిన పిల్ల అది చెప్పడానికి సిగ్గుపడింది. ఈమె చాలాకాలానికి నవ్వింది, పెదవి కుట్టు లాగేటట్టు.

ఆ సాయంత్రం నర్సమ్మ కట్లు మారుస్తోంది. ఆమె కొత్త గాజులో తన మొహం చూసుకుంటూ అడిగింది.

"వదినా, నాకొక సాయం చెయ్యాలి."

"చెప్పు."

"ఏదో ఒకరోజు వాణ్ణి వదిలేస్తారు. వాడు తిన్నగా ఇక్కడికే వస్తాడు. కోపంగా రాడు. గుమ్మం బయట నిలబడి, చిన్నప్పుడు టీవీ వెనకనుంచి పిలిచేవాడే, అలా పిలుస్తాడు, అమ్మా అని. నేను తలుపు తీసేస్తాను. నన్ను నేనెరగనా?"

నర్సమ్మ కట్టు ముడి బిగించింది. "అప్పుడు గోడ మీద కొట్టు వదినా. ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

"అదే చెప్తున్నా. కొట్టను. నా చెయ్యి గోడదాకా రాదు." ఆమె నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆ పిలుపు నీ చెవిన పడితే చాలు. నేను కొట్టకపోయినా నువ్వు రా."