గొర్రెల నూనె, నా మాడు

మొన్న ఆదివారం, పొద్దున ఏడున్నరకు, మర్రిపాడు నుంచి వచ్చిన నా తమ్ముడు పెంచలయ్య మా వసారాలో సీసా మూత తీశాడు. గంధకం వేసి కాచిన కానుగ నూనె. ఆ వాసనకు అరవై ఏళ్ల కిందటి మా గొర్రెల దొడ్డి కళ్ల ముందుకొచ్చింది.

వానలు వెనకబట్టి, చలి మొదలై, గొర్రెలకు గజ్జి పట్టే రోజులవి. మా నాయన మూడు రాళ్ల మీద చట్టి పెట్టి ఆ నూనె కాస్తుంటే, పిల్లలం సజ్జరొట్టెలో బెల్లం చుట్టుకుని తింటూ తొక్కుడుబిళ్ల గీతలు గీసుకునేవాళ్లం. ఆయన ఒక్కో గొర్రెను మోకాళ్ల మధ్య బిగించి, బొచ్చు పాయదీసి, కోడి ఈకతో పూసేవాడు. గొర్రె చర్మం సంగతి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అదే నా కొంప ముంచింది. పదమూడో ఏట నా తల్లో చుండ్రు కట్టి, నొసట మొటిమలు లేస్తే, "గొర్రెకు తగ్గింది, బిడ్డకు తగ్గదా?" అని అదే చట్టిలో ఈక ముంచాడు. మాడంతా బొబ్బలెక్కింది. గుండు గీయించారు. ఆ ఏడే ఏడ్చి మొత్తుకుని బళ్లో చేరాను, ఇంకా అఆలు దాటలేదు. పిల్లలు "బోడి గొర్రె" అన్నారు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. అరవై దాటాక, మనవరాలు శ్రావణి దిద్దిన పలక మీద నేనూ దిద్దుకున్నాను. నాయన మంచివాడే, చేసింది తప్పే. చచ్చినవాళ్ల తప్పును తప్పనకూడదంటే నేనొప్పుకోను.

ఇప్పుడా శ్రావణి తొమ్మిదో తరగతి. మొటిమలు, భుజాల మీద రాలే చుండ్రు చూసి ఎవరో నవ్వారని నాలుగు రోజులుగా బడి మానేసింది. ఆ మాట విని తమ్ముడు సీసాతో దిగాడు.

"నాయన చేతి మందు అక్కా! ఒక్క పూత చాలు."

"నా మాడు చూసినాక కూడా అంటుండావా? మూత పెట్రా."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. కాలినదాన్ని."

శ్రావణి గొణిగింది: "గుండు కొట్టిస్తే పోతాదంట కదా అవ్వా."

"నీ ఎంటికలు ఏం పాపం చేసినాయే?"

శనివారమే దాన్ని ఆత్మకూరులో డాక్టరమ్మకు చూపించాను. చుండ్రు షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడగాలంది; మొటిమలు గిల్లొద్దు, మొహానికి తలనూనె తగలనీయొద్దు, రాత్రికి పల్చగా మందు రాయాలంది. చీటీ కూడబలుక్కుని చదువుతూ నేనే తల రుద్దాను, నా కోడలు రమణమ్మ నీళ్లు పోసింది. ఐదు నిమిషాలు లెక్కచూడమని పెంచలయ్యను గడియారం ముందు కూర్చోబెట్టాను. సణుగుతూనే చూశాడు.

మొటిమలు తగ్గడానికి నెలలు పడుతుందట. పడనీ. సోమవారం మొటిమలతోనే బడికి పోయింది. మా దొడ్డి ఉన్నచోట ఇప్పుడు లారీలు ఆపుతున్నారు. చట్టి లేదు, ఈక లేదు. కొన్ని పోవడమే మేలు. పెద్దల మందును కాదన్నానని తిట్టేవాళ్లు తిట్టుకోండి. కాదని షాంపూ రుద్దినప్పుడు అక్కడున్నది నేను, నా కోడలు రమణమ్మ, తమ్ముడు పెంచలయ్య, జుట్టంతా నురగతో శ్రావణి.