మా నాయన గోల్ఫ్ ఆడిన ఆదివారం

మా నాయన జీవితంలో ఒకే ఒక్కసారి ప్యాంటు వేసుకున్నాడు. అదీ తనది కాదు, మా మామది. వేసుకున్నది గోల్ఫ్ ఆడటానికి. ఈ సంగతి చెబితే వినేవాళ్లు ముందు నమ్మరు, నమ్మాక పడీ పడీ నవ్వుతారు. నేను ఆ రోజు నాయన పక్కనే ఉన్నాను. నాకైతే నవ్వు రాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు మొహం చాటేసిన ఏళ్లవి. కంబదూరు నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో, మా ఊరిని ఆనుకుని, బెంగళూరు వాళ్లెవరో పెద్ద రిసార్టు కట్టారు. ముందు హోటలు, పక్కన ఈతకొలను, వెనక గోల్ఫ్ మైదానం. వేరుశనగ గింజ మొలవడానికే మొరాయించే ఎర్రనేల మీద పచ్చగడ్డి పరిచారు. ఆ గడ్డికి వాళ్ల నీళ్లు చాలడం లేదు. కంచెకు ఇవతల ఉన్నది మా అమ్మ చేను. పుట్టింటివాళ్లు ఆమెకు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. చుట్టుపక్కల బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నా ఆ చేలో బోరు మాత్రం పోస్తూనే ఉంది. మా ఇల్లు గడిచేది దాని మీదే. రిసార్టు వాళ్ల కన్ను పడిందీ దాని మీదే.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు, కాంట్రాక్టరు. ఏ పార్టీ గెలిచినా పనులు ఆయనకే వస్తాయి. రిసార్టు ప్రహరీ కట్టించిందీ ఆయనే. అక్క చేను ఇప్పిస్తానని వాళ్ల దగ్గర గొప్పలు పోయినట్టున్నాడు. ఒక ఆదివారం పొద్దున జీపులో దిగాడు.

"బావా, మేనేజరు నిన్ను గోల్ఫ్ ఆడేకి పిలిచినాడు. బెంగళూరు నుంచి పెద్దపెద్దోళ్లు వస్తాండారు. పాపను గూడా పిల్చుకొని రా, ఇంగ్లీషు వస్తాది గదా" అన్నాడు.

నేనప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాను. అమ్మను ఎవరూ పిలవలేదు. ఆమె గడప దగ్గర నిలబడి నాయనతో ఒకటే చెప్పింది.

"చేను ఇచ్చేది లేదని మొహం మీదే చెప్పేసి రా. ఆ ఒక్క మాట చాలు."

"అట్లే చెప్తాలే" అన్నాడు నాయన.

రిసార్టుకు చేరాక, చెప్పేముందు బట్టలు మార్చుకోవాల్సి వచ్చింది. మైదానంలోకి పంచెతో రాకూడదట. చెప్పులూ పనికిరావట. మామకు ఇదంతా ముందే తెలుసు. జీపులోంచి ఒక ప్యాంటు, ఒక జత బూట్లు తీసి ఇచ్చాడు. నాయన విప్పిన పంచెను, చెప్పులను ఒక ఇనుప అరలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి కౌంటరులో అమ్మాయి దగ్గర ఉండిపోయింది. మామ ప్యాంటు నాయనకు నడుము దగ్గర వదులు, కాళ్ల దగ్గర పొట్టి. ఒక చేత్తో నడుము పట్టుకుని నడిచాడు. గోల్ఫ్ కర్రకేమో రెండు చేతులూ కావాలి. ఇక ఆట ఎట్లా సాగిందో మీరే ఊహించుకోండి.

మాతో పాటు బెంగళూరు నుంచి వచ్చిన అతిథులు ఇద్దరు ఆడారు. మేనేజరు బ్యాటరీ బండి నడుపుతూ మమ్మల్ని మధ్యలో కూర్చోబెట్టుకున్నాడు. మనిషి మర్యాదస్తుడు, ఆ మాట చెప్పి తీరాలి. కన్నడం కలిసిన తెలుగులో ఆట నేర్పాడు. అదుగో ఆ జెండా కింద గుంత ఉంది, తక్కువ దెబ్బల్లో బంతిని అందులో వేయాలి, అంతే. నాయన కర్రను పార పట్టినట్టు పట్టి ఒక్కటి వేశాడు. బంతి కదల్లేదు కానీ గడ్డి పెళ్ల లేచి అవతల పడింది. నాయన గబగబా వెళ్లి, ఆ పెళ్ల తెచ్చి లేచిన చోటే పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో అదిమాడు.

"కరెక్టు సార్! ఈ ఆటలో మర్యాద అదే" అన్నాడు మేనేజరు సంబరంగా.

నాయన నా వైపు వంగి, "ఎన్ని నీళ్లు తాపినారో పాపా దీనికి. కింద తడి యాడికి దిగిందో చూడు" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, దిగులు.

ఆట నాకు నచ్చిందని ఒప్పుకుంటాను. బంతి కర్రకు సరిగ్గా తగిలినప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడు చెవికి హాయిగా ఉంటుంది. అంతలో నేను కొట్టిన బంతి ఒకటి అడ్డదిడ్డంగా ఎగిరి కంచె దాటి మా వేరుశనగలో పడింది. తెచ్చుకోవడానికి నేను కదలబోతే మేనేజరు ఆపాడు.

"ఉండనీయండి మేడం. ఇంకొన్నాళ్లకు అదీ లోపలికే వస్తుంది కదా!"

అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. నోరు తెరిచాడు. ఆ ఒక్క మాట వచ్చేసిందనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఇంకో జట్టు బండి వచ్చి హారన్ కొట్టింది. మేం ముందుకు కదలాలి. నాయన నోరు మూసుకుని బండెక్కాడు.

ఇంటికి పోతామని నేను అడగకపోలేదు. ఆట మొదలుపెట్టాక ఆఖరి గుంత దాకా పోవాల్సిందేనని మేనేజరు వినయంగా చెప్పాడు. దారి ఒకవైపే ఉంటుందట, వెనక్కి తిరిగితే వచ్చేవాళ్ల బంతి తలకు తగులుతుందట. జైల్లో కూడా ఇంత మర్యాదగా చెప్పరేమో అనిపించింది. ఎండ ముదిరింది. అటు చూస్తే గడ్డి, ఇటు చూస్తే గడ్డి, దాని చివర కంచె, కంచెకు అవతల మా ఊరు.

అతిథుల్లో పెద్దాయన చేతులు చాచి గట్టిగా ఊపిరి పీల్చాడు. "ఇంత ప్రశాంతత బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది? మనిషి అలికిడే లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మా ఊరి మనుషులంతా మీ బెంగళూరులోనే సిమెంటు మోస్తున్నారు సార్, అందుకే ఇక్కడ ప్రశాంతంగా ఉంది" అన్నాను.

ఆయన దాన్ని జోకు అనుకున్నాడు. కడుపుబ్బా నవ్వి, అమ్మాయి భలే చురుకని వెంటే ఉన్న మామతో మెచ్చుకున్నాడు. కోపం తెచ్చుకోని మనుషులతో ఎట్లా పోట్లాడాలో నాకు ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు.

అసలు చిక్కంతా అదే. చేను ఇస్తావా అని వాళ్లెవరూ నాయనను అడగలేదు. అడిగితే కదా లేదనేది. పిలిచినవాళ్లు ఎత్తని మాటను తానుగా ఎత్తడం నాయన దృష్టిలో మర్యాద కాదు. పొద్దుటి నుంచి ఆ మాటను నోట్లో పెట్టుకుని గుంత గుంతకూ తిరిగాడు.

భోజనాల దగ్గర నేనే మొదలుపెట్టాను. "మా అమ్మ చేను సంగతి..." అనేసరికి మామ అడ్డుపడ్డాడు. "తినేటప్పుడు ఆ మాటలెందుకు పాపా? ముందు తిననీ" అని నాయన విస్తట్లో ఇంకో ఓళిగ, అదే బొబ్బట్టు, వేయించాడు.

తిన్నాక పట్టుచీర కట్టుకున్న ఒకామె ఇత్తడి పళ్లెం తెచ్చి నాయన ముందు నిలబడింది. తమలపాకులు, వక్కలు, అరటిపండు. మా వైపు ఎద్దులు అమ్మినా, చేను అమ్మినా ముందు భోజనం పెడతారు, తర్వాత తాంబూలం ఇస్తారు. అది అందుకుంటే మాట ఇచ్చినట్టే, కాగితాలు తర్వాత సంగతి. అట్లాగని అన్నం తిన్నచోట తాంబూలం వద్దంటే ఆ ఇంటిని కాలదన్నినట్టు. నాయనకు ఈ రెండూ తెలుసు. ఆయన చెయ్యి సగం దాకా వెళ్లి ఆగింది. పళ్లెం పట్టుకున్నామె నవ్వుతూ అట్లాగే నిలబడింది. నాయన నన్ను చూశాడు, తలుపు వైపు చూశాడు, చివరికి రెండు చేతులూ చాచి తీసుకున్నాడు.

"సంతోషం బావా! మాట అయిపాయ!" అని మామ చప్పట్లు కొట్టాడు. ఎందుకో తెలియకపోయినా అతిథులు కూడా కొట్టారు.

ఇంటికొచ్చాక నాయన ఆ ఆకులు అమ్మ ముందు పెట్టాడు. అమ్మ వాటిని చూసి లోపలికి వెళ్లిపోయింది. మా ఇంట్లో రెండు మూడు రోజులు పొయ్యి మీద కుండ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. కాగితాలు తయారవుతున్నాయని మామ కబురు పంపాడు.

నేను ఉండబట్టలేక ఎస్టీడీ బూత్‌కు వెళ్లి మేనేజరుకు ఫోన్ చేశాను. సంగతి విని ఆయన కంగారుపడ్డాడు.

"తాంబూలం మేం గెస్టులందరికీ ఇస్తాం మేడం. వాళ్లు ఫొటోలు తీసుకుంటారు. అది అగ్రిమెంటు ఎట్లా అవుతుంది? మీ ఫాదర్‌కు ఇష్టం లేకపోతే చెప్పమనండి, అంతే."

ఎగిరి గంతేసినంత పనిచేశాను. పరుగున ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. నాయన మొహం మారలేదు.

"ఇచ్చేటప్పుడు వాళ్లకు తెలీకపోవచ్చు పాపా. తీసుకునేటప్పుడు నాకు తెలుసు గదా" అన్నాడు.

ఎవరూ కట్టని ముడిలో తానే ఇరుక్కుని కూర్చున్న ఆ మనిషి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అంతకు మించిన జాలీ వేసింది. అంతలో అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"తీసుకున్నది నువ్వు. చేను నాది. నేనేమీ తీసుకోల్యా. వేలిముద్ర గూడా వెయ్యను" అంది.

"మరి నా మాట?"

"నీ మాట నీ కాడ పెట్టుకో. నా నీళ్లు నా కాడ ఉంటాయి."

నాయన తల వంచుకుని, "మాట ఇచ్చినోన్ని నేనే. పోయి వెనక్కి తీసుకోవాల్సిందీ నేనే" అన్నాడు. నేను వస్తానంటే వద్దన్నాడు. మామ జీపు కోసం చూడకుండా మర్నాడు పొద్దున్నే ఒక్కడే నడిచి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చాడు.

"చెప్పినావా?" అని అమ్మ అడిగింది.

"చెప్పినా."

"ఏమన్నారు?"

"ఏమీ అనల్యా. కూచోమన్నారు. కాఫీ తెచ్చి పెట్టినారు."

"తాగినావా?" అని నేను అడిగాను.

నాయన తల అడ్డంగా ఊపాడు. ఎవరింటికి పోయినా పెట్టింది తాగకుండా లేచే మనిషి కాదు మా నాయన.

"చల్లారేదాకా ముందర పెట్టుకొని కూచున్నా పాపా. తాగేకి భయమేసింది" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నాయన గుక్క తిప్పుకోకుండా తాగి, ఇంకో చెంబు అడిగాడు.