చేతులు వెనక్కి

ఢిల్లీ ద్వారకలో మా కింది అంతస్తువాళ్ళు నిన్న ఈ వేసవికి మొదటిసారి కూలర్ వేశారు. వట్టివేళ్ళ తడకలు తడిసిన వాసన బాల్కనీ దాకా వచ్చేసరికి, ఎవరో గదమాయించినట్టు నా రెండు చేతులూ వెనక్కి వెళ్ళిపోయాయి. భాస్కరంగారు గుర్తొచ్చారు.

తొంభైల్లో ఇక్కడే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఆయన మా సెక్షన్‌కి పెద్ద. కాకినాడ మనిషి, ఆర్.కె. పురం క్వార్టర్సులో ఉండేవారు. మేం తయారుచేస్తున్నది రుబీడియం గడియారం. దానికి ముళ్ళుండవు. రుబీడియం లోహపు ఆవిరిని చిన్న గాజుబుడ్డిలో ఉంచి, దానిగుండా గులాబీరంగు దీపం వెలుగు పంపి, ఆ పరమాణువుల లయను పట్టుకుని కాలం కొలవాలి. దీపం తడబడినా, బుడ్డి వేడి రవ్వంత మారినా లయ చెదురుతుంది. మాది రోజూ మధ్యాహ్నం చెదిరేది. రికార్డర్ కాగితం మీద పొద్దుటినుంచీ బుద్ధిగా నడిచిన గీత భోజనాలవేళకి వంకర్లు పోయేది. వేసవి చివర కమిటీ వస్తుంది, అప్పటికీ గీత కుదురుకోకపోతే పని మూసేసి విదేశీ గడియారాలు కొంటామని ముందే చెప్పారు. భాస్కరంగారి ఉద్యోగ జీవితమంతా ఆ గడియారం పెట్టెలోనే ఉంది.

నాది కొత్త ఉద్యోగం, చెయ్యి ఊరుకునేది కాదు. గీత వంగితే చాలు, స్క్రూడ్రైవర్ అందుకునేదాన్ని.

"విమలమ్మా, చేతులు వెనక్కి" అనేవారాయన. "ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చాక కుదుటపడనీ. నువ్వు గెలుకుతూ కూర్చుంటే తప్పు దానిదో నీదో ఎలా తెలుస్తుంది తల్లీ?"

ఆయన కూడా చేతులు వెనక్కి కట్టుకుని ఆ పెట్టె ముందు గంటలకొద్దీ నిలబడేవారు. క్యాంటీన్లో అందరూ నవ్వుకునేవారు. నేనూ నవ్వాను.

అలా నిలబడి నిలబడి ఒకనాడు ఆయనే పసిగట్టారు. పక్కగదిలో కూలర్ వేసిన కాసేపటికి తలుపు సందులోంచి తడిగాలి వచ్చి పెట్టెకు తగులుతోంది. కూలర్ ఆపమంటే, మే నెల ఎండకి చచ్చిపోతామని పక్కగది శర్మాజీ లబోదిబోమన్నాడు. "సర్, మే కీ గర్మీ హై, మర్ జాయేంగే!"

"అచ్ఛా, తో ఆప్ లోగ్ మేరే కమ్రే మే బైఠియే" అని, ఏసీ ఉన్న తన గదిని వాళ్ళకిచ్చేసి, తడి తువ్వాలు మెడకి చుట్టుకుని మా దగ్గర కూర్చున్నారు. ఆ ఉక్కలో ఆయన మొహం వాడిపోయేది. గీత మాత్రం తిన్నబడింది.

కమిటీ వచ్చింది, చూసింది, మెచ్చుకుంది, మూసేసింది. కొనే నిర్ణయం అంతకుముందే అయిపోయిందట. నాకు ఒళ్ళు మండిపోయింది.

గడియారం ఆపేయాల్సిన మధ్యాహ్నం గీత ఎన్నడూ లేనంత తిన్నగా ఉంది. స్విచ్ దాకా వెళ్ళిన భాస్కరంగారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"నువ్వు ఆపమ్మా. నావల్ల కాదు."

ఆపాను. గులాబీ వెలుగు పోయింది. "ఇప్పుడిప్పుడే కుదుటపడిందే..." అన్నారు. నాతో కాదు.

ఆ చలికాలంలోనే ఆయన పోయారు. గుండె అన్నారు డాక్టర్లు. వాళ్ళింటి వరండాలో నిలబడి నేను ఏడ్చినంతగా మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఇప్పుడు మా అమ్మాయి అలిగి తలుపు వేసుకుంటే, తట్టబోయి ఆగిపోతాను. చేతులు వెనక్కి కట్టుకుని బయట నిలబడతాను. కాసేపటికి తనే తీస్తుంది. ఆ ఓపిక నాది కాదు, ఆయనిచ్చింది. కానీ అలా నిలబడిన ప్రతిసారీ, వెనక ఉన్న నా కుడిచేతి వేళ్ళకి ఆ స్విచ్ తగులుతూనే ఉంటుంది.